మునిగిన కారుకు తాళం చెవే ముప్పు

వరద తీసిన వీధిలో జనం చేసే మొదటి పనుల్లో ఒకటి బండి స్టార్ట్ చేసి చూడటం. ఇంట్లో బురద ఎత్తిపోయకముందే, తడిసిన పరుపులు ఎండలో వేయకముందే ఎవరో ఒకరు కారు తలుపు తీసి, సీటు మీద నీళ్లు తుడిచి తాళం తిప్పుతారు. ‘ఒక్కసారి చూద్దాం’ అన్న ఆ ఆశను తప్పు పట్టలేం. కానీ రోజుల తరబడి నీళ్లలో నానినా ఇంజిన్‌కు జరగని నష్టం చాలాసార్లు ఆ ఒక్క క్షణంలో జరుగుతుంది. నిలబెట్టి ఉండగా మునిగిన పాత కారును నీరు ఒక్కటే చంపదు. తొందరపడి కొట్టిన సెల్ఫ్ సగం చంపితే, ఎవరూ ముట్టుకోకుండా గడిచిపోయిన రోజులు మిగతా సగం చంపుతాయి. ఈ రెండింటినీ ఆపగలిగితే తుక్కుకు పోతున్న పాత కార్లలో చాలావాటిని మళ్లీ రోడ్డెక్కించవచ్చు. ఆపే బాధ్యత ఒక్క యజమానిదే కాదు. బీమా కంపెనీలకూ ప్రభుత్వాలకూ అందులో వాటా ఉంది.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల కుంభవృష్టికి బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడ ఉత్తర భాగం మునిగింది. అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ, కండ్రిక నీళ్లలో నిలిచాయి. అదే సమయంలో కృష్ణమ్మ ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరదతో పరుగెత్తింది. సైన్యం సాయంతో గండ్లు పూడ్చడానికి సెప్టెంబరు 7 దాకా పట్టింది. లోతట్టు వీధుల్లో నీరు ఆ తర్వాత కూడా తీయలేదు. అంటే అక్కడి కార్లు వారానికి పైగా బురద నీటిలో ఉన్నాయి. సెప్టెంబరు 1నే ఖమ్మంలో మున్నేరు 36 అడుగులు దాటి ఊళ్లోకి వచ్చింది. నాలుగేళ్ల ముందు, 2020 అక్టోబరు 13 రాత్రి, హైదరాబాద్ పాతబస్తీలో కార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కొట్టుకుపోతున్న వీడియోలు దేశమంతా చూసింది. టోలిచౌకి నదీమ్ కాలనీలో రోజుల తరబడి నీరు కదల్లేదు.

ఇలాంటి కాలనీల్లో ఇంటి ముందు ఆగి ఉండే కారు చాలావరకు పాతదే. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఆల్టో, పెళ్లిళ్లకూ ఆసుపత్రి ప్రయాణాలకూ కిరాయికి తిప్పే ఇండికా, సరుకు వేసుకుని సంతలకు తిరిగే ఓమ్ని. బజారులో దాని ధర ఎంతో యజమానికి తెలుసు. ఆ ధరకు ఇంకో బండి రాదనీ తెలుసు. ‘పాత బండే కదా, పోతే పోయింది’ అనడం తేలిక. రేపటి కిరాయి ఆ బండి మీదే ఆధారపడిన ఇంట్లో ఆ మాట అనలేరు.

ఇంజిన్ లోపల జరిగేది అర్థమైతే తాళం ఎందుకు తిప్పకూడదో తెలుస్తుంది. పిస్టన్ పైకి వచ్చినప్పుడు సిలిండర్లోని గాలిని నలిపి చిన్న జాగాలోకి నెడుతుంది. గాలి నలుగుతుంది, నీరు నలగదు. మారుతి 800నే తీసుకుందాం. 796 సీసీ ఇంజిన్, మూడు సిలిండర్లు, ఒక్కోటి సుమారు 265 సీసీ. పిస్టన్ పైకంటా చేరాక మిగిలే ఖాళీని లెక్క కడితే 35 మిల్లీలీటర్ల దగ్గర తేలుతుంది. అంతకు మించి నీరుంటే పిస్టన్‌కు పైకి పోవడానికి దారి లేదు. పక్క సిలిండర్ ఒకటి అంటుకుందంటే ఆ ఊపు నీళ్లున్న సిలిండర్ మీద పడి, పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కాన్‌రాడ్ వంగుతుంది. డీజిల్ బండికి ఇంకా కష్టం. స్విఫ్ట్ నుంచి ఇండికా విస్టా దాకా ఎన్నో కార్లలో వచ్చిన 1248 సీసీ డీజిల్ ఇంజిన్‌లో ఆ ఖాళీ 20 మిల్లీలీటర్లు కూడా ఉండదు. నాలుగు టీ చెంచాల నీరు చాలు, ఇంజిన్ పట్టేస్తుంది.

సిలిండర్లోకి నీరు వెళ్లకపోయినా ముప్పు తప్పినట్టు కాదు. డిప్‌స్టిక్ రంధ్రం నుంచీ, బ్రీదర్ గొట్టం నుంచీ, పాతబడిన సీళ్ల సందుల నుంచీ నీరు ఆయిల్ చాంబర్లోకి దిగుతుంది. ఆయిల్ కంటే నీరు బరువు కాబట్టి అడుగున చేరుతుంది. ఆయిల్ పంపు లాగేది కూడా అడుగు నుంచే. సెల్ఫ్ కొట్టగానే బేరింగులకు ఆయిల్‌కు బదులు బురద నీరు అందుతుంది. ఇంజిన్ స్టార్టయి, పది నిమిషాలు బాగానే నడిచి, ఆ తర్వాత బేరింగులు కొట్టేసిన బండ్లు ఇలాంటివే. తోసి గేరులో స్టార్ట్ చేసినా ఫలితం ఇదే. సెల్ఫ్ కొట్టలేదు కదా అన్న ధీమా పనికిరాదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. నడుస్తూ నీళ్లలోకి దిగిన కారు వేరు, ఇంటి ముందు నిలబడి మునిగిన కారు వేరు. అండర్‌పాస్‌లో నీరు నిలిచినా ధైర్యం చేసి దిగిన కారు ఇంజిన్ గాలితో పాటు నీటినీ లోపలికి పీలుస్తుంది. ఆ వేగానికి కాన్‌రాడ్ విరిగి బ్లాకునే చీల్చుకుని బయటికి వచ్చిన సందర్భాలున్నాయి. దాన్ని బాగు చేయడమంటే ఇంజిన్ మార్చడమే. ఆగి ఉన్న కారులో అలా కాదు. లోపల ఏదీ కదలదు, ఏదీ వంగదు. నీరు ఊరికే నిలిచి ఉంటుంది. విజయవాడలో, ఖమ్మంలో మునిగిన కార్లలో అత్యధికం ఇంటి ముందు ఆగి ఉన్నవే. అంటే తాళం తిప్పేదాకా వాటి ఇంజిన్లలో విరిగిందేమీ లేదు. జనానికి చెప్పాల్సిన మొదటి సంగతి ఇదే, ఇప్పటిదాకా ఎవరూ గట్టిగా చెప్పనిదీ ఇదే.

మరి ఏం చేయాలి? అనుభవమున్న మెకానిక్ ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీస్తాడు. తలుపుల మీద, సీట్ల మీద బురద గీత ఎంత ఎత్తున ఉందో చూస్తాడు. డిప్‌స్టిక్ తీసి చూస్తాడు. ఆయిల్ పాలు పోసిన కాఫీ రంగులో ఉంటే నీరు కలిసినట్టే. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పుతాడు. అది పొడిగా ఉంటే సగం గండం గడిచింది. తర్వాత చాంబర్ నట్టు విప్పితే ముందు నీరు, వెనక ఆయిల్ కారతాయి. పెట్రోలు బండికి స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ బండికి హీటర్ ప్లగ్గులో నాజిళ్లో తీసేసి, క్రాంక్ పుల్లీ నట్టుకు స్పానర్ పెట్టి ఇంజిన్‌ను చేత్తో తిప్పుతాడు. సెల్ఫ్‌తో కాదు, చేత్తోనే. ఎక్కడైనా అడ్డం తగిలితే చెయ్యి ఆగుతుంది, మోటారు ఆగదు. ప్లగ్గు రంధ్రాల నుంచి నీరు చిమ్ముకుంటూ బయటికి వస్తుంది.

అప్పటికే పట్టేసి ఉంటే ఓపిక కావాలి. సిలిండర్ బోరుల్లో డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి నాననిస్తారు. రోజుకోసారి పుల్లీని అటూ ఇటూ కొద్దిగా ఆడిస్తారు. రింగులు వదిలితే తిరుగుతుంది. వదలకపోతే హెడ్ దించాల్సిందే. తుప్పు గాట్లు లోతుగా ఉంటే లేత్‌కు పంపి బోరింగ్ చేయించాల్సిందే. తిరిగిందంటే కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి కాసేపు నడిపి ఆ ఆయిల్ పారబోస్తారు. మళ్లీ పోస్తారు, మళ్లీ పారబోస్తారు. ఆయిల్ రంగు మారకుండా నిలిచేదాకా ఇది సాగాలి. ఒక్కసారి మార్చి సరిపెడితే మిగిలిన తేమ బేరింగుల్ని తినేస్తుంది. ఆ తర్వాత కంప్రెషన్ కొలవాలి. ఒక సిలిండర్‌లో మిగతావాటి కంటే బాగా తక్కువ వచ్చిందంటే కాన్‌రాడ్ వంగి ఉండొచ్చు. ఆ అనుమానంతో బండిని బయటికి పంపకూడదు.

ఇంజిన్ మోగగానే పని అయిపోయిందనుకోవడం పెద్ద పొరపాటు. గేరుబాక్సులో నీరుంటుంది. పెట్రోలు ట్యాంకులోనూ ఉంటుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. నీరు ఎక్కువైతే ఇథనాల్ దాన్ని పట్టుకుని అడుగుకు దిగిపోతుంది, పైన మిగిలిన పెట్రోలు పస తగ్గుతుంది. కాబట్టి ట్యాంకు పూర్తిగా దించి కడగడమే మార్గం. బ్రేక్ ఆయిల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది, దాన్నీ మార్చాలి. వెనక డ్రమ్ముల్లో పేరుకున్న బురద, హ్యాండ్ బ్రేక్ కేబుల్ తొడుగులో నిలిచిన నీరు, చక్రాల బేరింగుల్లో గ్రీజు చోట చేరిన ఒండ్రు కంటికి కనబడవు. వరదలో మునిగిన కారుకు ఇంజిన్ బాగుచేసి బ్రేకులు వదిలేయడం ప్రాణాలతో ఆట. కార్పెట్లు, సీట్లు విప్పి ఎండబెట్టకపోతే ఫ్లోరు కింది నుంచి తుప్పు తింటూ పోతుంది. వైరింగ్ కనెక్టర్లను ఒక్కోటి విప్పి శుభ్రం చేయాలి. ఆకుపచ్చ పొడి పట్టిన పిన్నులు ఇవాళ పనిచేసినా నెలల తర్వాత షార్ట్ అవుతాయి.

ఇదంతా పాత కారులోనే ఎక్కువ సాధ్యం. కార్బ్యురేటర్ ఉన్న మారుతి 800లో ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరే లేదు. పెట్రోలును ఇంజెక్టర్లతో అందించే ఎంపీఎఫ్ఐ వచ్చాక ఈసీయూ అనే ఆ కంప్యూటర్ చేరింది. 2019 నుంచి కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి. ప్రాణాలు కాపాడే ఏర్పాట్లు కాబట్టి అవి రావాల్సినవే. అయితే వాటి మాడ్యూళ్లలో కొన్ని సీట్ల కిందా, గేరు లీవర్ దగ్గరా, డాష్‌బోర్డు కిందా ఉంటాయి. వరద నీరు మొదట చేరేది కూడా అక్కడికే. అందుకే సీటు ఎత్తున మునిగిన కొత్త కారు బాగుచేసే ఖర్చు భయపెడుతుంది. అదే ఎత్తున మునిగిన ఇరవై ఏళ్ల కారు స్పానర్లతో, ఎండతో, మనిషి శ్రమతో బతుకుతుంది. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. లారీ బాడీలు కట్టే విజయవాడ జవహర్ ఆటోనగర్ లాంటి చోట ఇలాంటి బండ్లు తెలిసిన చేతులకు కొరత లేదు.

కొరత సమయానికే. ఇనుప బోరుకు తుప్పు పట్టడానికి నెలలు అక్కర్లేదు. నీరు తీసిన మొదటి రెండు మూడు రోజుల్లో ఆ నీటిని బయటికి తీసి ఆయిల్ పోసిన ఇంజిన్‌కూ, మూడు వారాలు అలాగే వదిలేసిన ఇంజిన్‌కూ మధ్య తేడా బాగుపడటానికీ తుక్కుకు పోవడానికీ ఉన్న తేడా. ఆ రోజుల్ని వృథా చేస్తున్నది బీమా పద్ధతి.

సమగ్ర పాలసీలో వరద నష్టానికి రక్షణ ఉంది. కానీ నీళ్లలో మునిగాక స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్ పాడైతే, అది వరద నష్టం కాదు, యజమాని చేజేతులా తెచ్చుకున్న తదనంతర నష్టం అని కంపెనీలు తోసిపుచ్చుతాయి. దాని కోసం ‘ఇంజిన్ ప్రొటెక్ట్’ అనే అదనపు కవరు విడిగా కొనాలి. పాత కారు యజమానుల్లో చాలామందికి ఉన్నది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే. వరదలో అది ఒక్క రూపాయి ఇవ్వదు. సమగ్ర పాలసీ ఉన్నా ఐదేళ్లు దాటిన కారుకు ఐడీవీ (పాలసీలో రాసే బండి విలువ) ఎంతన్నది కంపెనీ, యజమాని ఒప్పుకున్న అంకె. పదేళ్లు దాటితే లోహ భాగాలకు సగం ధరే లెక్క వేస్తారు. ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీలకు వయసుతో పని లేకుండా సగం కోత. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే ‘టోటల్ లాస్’ అని తేల్చేస్తారు. ఐడీవీయే చిన్నదైనప్పుడు ఆ గీత దాటడం ఎంతసేపు? ఇంజిన్ చావకముందే కాగితం మీద కారు చచ్చిపోతుంది.

దీనికంటే బాధ కలిగించేది మరొకటుంది. ప్రమాదం జరిగాక నష్టం పెరగకుండా తగిన జాగ్రత్తలు తీసుకోవాలని పాలసీ షరతుల్లోనే రాసి ఉంది. చాంబర్లోని నీరు తీసేయడం అచ్చంగా అలాంటి జాగ్రత్తే. కానీ బీమా కంపెనీ సర్వేయరు చూడకముందు నట్టు విప్పితే క్లెయిం పోతుందేమోనని యజమాని భయపడతాడు. మెకానిక్ కూడా ‘సర్వేయరు వచ్చాకే ముట్టుకుంటా’ అంటాడు. ఊరంతా మునిగినప్పుడు సర్వేయరు ఎన్ని ఇళ్లకని వస్తాడు? ఆయన వచ్చేదాకా బోరులో తుప్పు ఆగదు. ఆ ఆలస్యం కంపెనీకీ నష్టమే. చిన్న ఖర్చుతో తేలే క్లెయిం పెద్దదవుతుంది. వరద ప్రాంతాలకు బీమా కంపెనీలు రాతపూర్వకంగా ఒక మాట చెప్పాలి: నీటి గీత, డిప్‌స్టిక్, మీటరు, చాసిస్ నంబరు ఫొటోలు తీసి పంపండి, వెంటనే నీరు తీయించి ఆయిల్ పోయించండి, క్లెయింకు ఢోకా ఉండదు. నిజాయతీగా క్లెయిం తీర్చాలనుకునే కంపెనీకి ఇందులో ఇబ్బంది ఉండకూడదు.

ప్రతి పాత కారునూ బతికించాలని దీని అర్థం కాదు. డాష్‌బోర్డు మునిగేదాకా నీరెక్కిన కారు, ఎయిర్‌బ్యాగులుండి వాటి మాడ్యూలు నానిన కారు, ఫ్లోరు ముందే తుప్పు తిన్న కారు బాగుచేయించినా నమ్మదగ్గవి కావు. ఉప్పునీరు మరీ ప్రమాదం. తుపాను ఉప్పెనలో సముద్రపు నీరు తగిలిన బండికి వైరింగ్ నెలల తరబడి లోలోపల కుళ్లుతూనే ఉంటుంది. అలా మునిగిన కారుపై ఆశ వదులుకోవడమే మంచిది. మురుగు కలిసిన నీరైతే సీట్లు, స్పాంజీ పూర్తిగా పారేయాలి. ఇవన్నీ చూసి ‘ఇది వద్దు’ అని చెప్పగల మెకానిక్ మాట వినాలి.

అలా వద్దనుకున్న కార్లు ఎక్కడికి పోతున్నాయన్నది ఇంకో ప్రశ్న. టోటల్ లాస్ అయిన బండ్లు వేలానికి వెళతాయి. కొన్నవాళ్లు కడిగి, పాలిష్ పెట్టి, వరద వార్తలు తెలియని ఊళ్లో అమ్ముతారు. అమెరికాలో చదువుకునే తెలుగు పిల్లలు సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు ‘సాల్వేజ్ టైటిల్’ ఉందేమోనని ముందు చూస్తారు. వరదలో మునిగి బీమా కంపెనీ వదిలేసిన కారుకు అక్కడ యాజమాన్య పత్రం మీదే ముద్ర పడుతుంది. మన ఆర్‌సీలో ఆ గడి లేదు. పూర్తిగా పనికిరాకుండా పోయిన బండి సంగతి యజమాని 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. కానీ మునిగి, అమ్ముడుపోయి, మళ్లీ లేచిన బండి చరిత్ర కొనేవాడికి తెలిసే దారి లేదు. వాహనాల రిజిస్ట్రేషన్ వివరాలుండే ‘వాహన్’ పోర్టల్‌లో ఆ వివరం చేర్చితే మోసం తగ్గుతుంది. సరిగ్గా బాగుచేయించిన యజమానికీ మేలే. ఏ పని ఎవరు చేశారో బిల్లులతో చూపి నిజమైన ధర అడగవచ్చు.

2024 వరదల తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మునిగిన ద్విచక్ర వాహనాలకు 3 వేల రూపాయలు, ఆటోలకు 10 వేలు ప్రకటించింది. బండి పోతే బతుకు దెబ్బతింటుందని ప్రభుత్వం గుర్తించడం మంచి విషయం. అయితే డబ్బు చేతికందేసరికి మొదటి రోజులు గడిచిపోతాయి. ఆ రోజుల్లో కావలసింది నీరు తీసే చేతులు, నాలుగు లీటర్ల ఆయిల్. 2018 వరదల తర్వాత కేరళలో ఐటీఐ విద్యార్థులు ఇళ్లకు వెళ్లి కరెంటు, ప్లంబింగ్ పనులు చేసిపెట్టారు. మన ఐటీఐల్లోనూ మోటారు మెకానిక్ ట్రేడ్ ఉంది. ఆటోనగర్ మేస్త్రీలు ముందుండి, ఆ పిల్లలు వెంట ఉండి, వరద తీసిన కాలనీల్లో వార్డుకో శిబిరం పెడితే కార్లు, ఆటోలు, బైకులు అన్నిటికీ ప్రథమ చికిత్స అందుతుంది. దానికి పెద్ద బడ్జెట్టు అక్కర్లేదు.

ఇంకో పని అంతకంటే తేలిక. భారీ వర్షం, వరద అంటూ విపత్తు నిర్వహణ సంస్థలు ఫోన్లకు పంపే హెచ్చరికల్లో ఒక్క వాక్యం చేర్చాలి: నీట మునిగిన వాహనాన్ని స్టార్ట్ చేయవద్దు, బ్యాటరీ తీగ తీసి మెకానిక్‌ను పిలవండి. బుడమేరు, మున్నేరు, మూసీ ఒడ్డున ఉన్నవాళ్లకు వచ్చే వానాకాలానికి ముందే ఆ సందేశం అందేలా రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు చూడాలి. మొదటి రోజే నీరు తీయించేందుకు అనుమతిస్తూ బీమా కంపెనీలు సర్క్యులర్ ఇచ్చేలా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పట్టుబట్టాలి.